కొత్త కబోర్డుల వాసన: బయటి దేశపు చెక్క సామాను కొనేవారికి

కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకు వెళ్ళినవారిలో చాలామంది దీన్ని గమనించే ఉంటారు. వంటగదిలో కబోర్డు తలుపు తీయగానే ఘాటైన వాసన వస్తుంది, కళ్ళు మండుతాయి. "కొత్తవి కదండీ, వాసన ఉంటుంది" అని ఇంటివారు సంతోషంగానే చెబుతారు. ఆసుపత్రి లాబొరేటరీ పక్కగా నడిచినవారికి ఆ వాసన కొత్త కాదు. ఆపరేషనులో తీసిన ముక్కలు చెడిపోకుండా సీసాల్లో పోసే ఫార్మలిన్ అంటే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు కలిసిన నీళ్ళే. కబోర్డులోనుంచి వచ్చే ఘాటులోనూ తరచుగా ఉండేది ఆ వాయువే.

అది చెక్కలోకి ఎలా వచ్చింది? ఈ రోజుల్లో కబోర్డు అంటే నిండు చెక్క కాదు. రంపపు పొట్టు, చెక్క పేళ్ళు, పీచు తీసుకుని జిగురు కలిపి వేడిగా అదిమితే పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. తయారవుతాయి. పలుచని చెక్క పొరలు అంటిస్తే ప్లైవుడ్. చవకగా దొరికి త్వరగా గట్టిపడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురునే చాలా మిల్లులు వాడతాయి. దానిలో ఒక లోపం ఉంది. తేమ, వేడి తగిలితే ఆ జిగురు కొద్దికొద్దిగా విడిపోయి వాయువును వదులుతుంది. పైన మైకా అంటించినంత మేర వాయువు తక్కువగా వస్తుంది గాని, వెనుక పలక, కోసిన అంచులు, కబ్జాల కోసం తొలిచిన రంధ్రాలు తెరిచే ఉంటాయి. మొదటి నెలల్లో ఎక్కువగా వస్తుంది, తర్వాత తగ్గుతూ పోతుంది. అయితే ఎండాకాలంలో, ముసురు పట్టినప్పుడు మళ్ళీ పెరగవచ్చు.

ఇది కళ్ళు, ముక్కు, గొంతు మండిస్తుంది. దగ్గు తెప్పిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెంచవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీనిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. అది విని ఎవరూ భయపడిపోవద్దు. ఆ నిర్ణయానికి ముఖ్య ఆధారం ఏళ్ళ తరబడి ఈ వాయువు మధ్య పని చేసిన కార్మికులు. ఒక కబోర్డు ఉన్నంత మాత్రాన జబ్బు వస్తుందని కాదు. కానీ తలుపులు మూసిన చిన్న గదిలో పసిబిడ్డ రోజంతా పడుకుంటే, ఆ గాలి ఎలాంటిదో అడగవలసిందే.

నా అనుభవం ఒకటి చెబుతాను. రెండేళ్ళ బాబుకు దగ్గు, కళ్ళు ఎర్రబడటం. రెండుసార్లు జలుబు మందే రాశాను. మూడోసారి వాళ్ళ అమ్మమ్మ, "మా ఊరు తీసుకెళ్తే తగ్గుతోంది డాక్టరుగారూ, ఇంటికి రాగానే మళ్ళీ మొదలు" అంది. అప్పుడు గాని ఇంట్లో కొత్తగా ఏం వచ్చిందని నేను అడగలేదు. బాబు మంచం పక్కన గోడ పొడవునా కొత్త వార్డ్‌రోబు పెట్టించారట. కారణం అదొక్కటేనని నేను రుజువు చేయలేను. పడక వేరే గదికి మార్చాక మాత్రం దగ్గు తగ్గింది.

ఇక బయటి దేశాలనుంచి వచ్చే సామాను సంగతి. కబోర్డు ఒక దేశంలో బిగిస్తారు, అందులోని బోర్డు మరో దేశపు మిల్లుది కావచ్చు. కొన్నవారికి ఆ మిల్లు పేరైనా తెలియదు. ఈ చిక్కును అమెరికా చట్టం ఎలా విప్పిందో తెలుసుకోవడం మంచిది. మన సంఘాల పిల్లలు ఎందరో అక్కడ ఇళ్ళు కొంటున్నారు, పురుళ్ళకు మన తల్లులు వెళ్ళి నెలల తరబడి ఉంటున్నారు.

2005లో కత్రినా తుఫాను వచ్చాక నిరాశ్రయులకు అక్కడి ప్రభుత్వం ట్రెయిలర్ ఇళ్ళు ఇచ్చింది. వాటిలో కళ్ళ మంటలు, ఊపిరి బాధలు అని ఫిర్యాదులు వచ్చాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 519 ఇళ్ళ గాలిని పరీక్షించి, ఎండలు ముదరకముందే అక్కడివారిని తరలించాలని 2008లో చెప్పింది. అంతకు ముందే, 2007లో, కాలిఫోర్నియా రాష్ట్రం బోర్డులకు హద్దులు నిర్ణయించింది. 2010లో అమెరికా దేశమంతటికీ చట్టం చేశారు. 2018 జూన్ 1 నుండి అది అమలులో ఉంది.

హద్దులు ఇవి. పరీక్ష గదిలో పది కోట్ల పాళ్ళ గాలికి ఫార్మాల్డిహైడ్ ప్లైవుడ్‌కైతే 5 పాళ్ళు, పార్టికల్ బోర్డుకు 9, ఎం.డి.ఎఫ్.కు 11, పలుచని ఎం.డి.ఎఫ్.కు 13 పాళ్ళు మించకూడదు. అసలు కిటుకు ఏమిటంటే, సర్టిఫికెట్ పుచ్చుకోవలసింది బోర్డు చేసిన మిల్లు. మిల్లుతో సంబంధం లేని, ప్రభుత్వం గుర్తించిన సంస్థ దానిని తనిఖీ చేయాలి. కబోర్డు చేసేవారు అలాంటి బోర్డే కొని, లెక్కలు 3 సంవత్సరాలు దాచాలి. దిగుమతి చేసేవారు 2019 మార్చి 22 నుండి సరుకుతో పాటు ధ్రువీకరణ కూడా ఇవ్వాలి. సామాను మీద గాని పెట్టె మీద గాని తయారీదారు పేరు, తయారైన నెల, సంవత్సరం, "టి.ఎస్.సి.ఏ. టైటిల్ సిక్స్ కంప్లయంట్" అనే మాట ఉండాలి. కాబట్టి "మా సరుకు క్షేమకరం" అని దుకాణంవారు తమ లెటర్‌హెడ్ మీద రాసిస్తే సరిపోదు. అపార్ట్‌మెంటుకో, చర్చి హాస్టలుకో కంటెయినరు లెక్కన తెప్పించేటప్పుడు బిల్డింగ్ కమిటీవారు డబ్బు కట్టకముందే ఈ కాగితాలు అడగాలి. బిగించాక అడిగితే ఎవరూ వెనక్కి తీసుకోరు. తలుపు టేకుదని చూపించి మురిపిస్తారు, లోపలి పెట్టె దేనితో చేశారో కూడా అడగండి.

అమెరికా ముద్ర మన బజారులో కనబడకపోవచ్చు. ఇక్కడ ఐ.ఎస్.ఐ. మార్కు చూడండి. పార్టికల్ బోర్డుకు ఐ.ఎస్. 3087, ఎం.డి.ఎఫ్.కు ఐ.ఎస్. 12406. యూరప్ పద్ధతిలో ఈ1 అని ఉంటే తక్కువ వదిలేది, ఈ2 అంటే అంతకంటె ఎక్కువ వదిలేది. పిల్లల గదికి ఈ2 వద్దు. ప్లైవుడ్‌లో ఎం.ఆర్. రకానికి సాధారణంగా యూరియా జిగురే వాడతారు. బి.డబ్ల్యు.ఆర్. రకానికి వాడే ఫినాల్ జిగురు చాలా తక్కువ వాయువు వదులుతుంది. ధర ఎక్కువే. అన్నీ మార్చలేకపోతే పడకగది వరకైనా మార్చండి.

ఇప్పటికే కొన్నవారి మాటేమిటి? లేవీయకాండము 14వ అధ్యాయంలో ఇంటి గోడకు పొడ కనబడితే, యాజకుడు సామాను బయట పెట్టించి, పొడను చూచి, ఇంటిని ఏడు దినాలు మూసి ఉంచేవాడు. మనం చేయవలసింది మూయడం కాదు, తెరవడం. కాపురం పెట్టకముందు కొన్ని వారాలు సొరుగులు, తలుపులు, కిటికీలు తెరిచి ఫ్యాను వేయండి. కోసిన అంచులకు ఎడ్జ్ బ్యాండింగ్ వేయించి, రంధ్రాలు మూయించండి. గదిలో తేమ లేకుండా చూసుకోండి. వాసన పోవాలని అగరువత్తులు వెలిగించవద్దు. వాటి పొగలోనూ, దోమల చుట్టల పొగలోనూ ఇదే వాయువు ఉంటుంది. దుమ్ము పట్టే ఫిల్టరు మాత్రమే ఉన్న ఎయిర్ ప్యూరిఫయరు వాయువును ఆపలేదు. కొన్నాళ్ళకు ముక్కు అలవాటు పడి వాసన తెలియకుండా పోతుంది, అంతమాత్రాన గాలి బాగుపడిందని అనుకోవద్దు.

అమెరికాలో కానుపుకు ముందు బిడ్డ గదిని ముస్తాబు చేయడం ఆనవాయితీ. చలికాలమైతే కిటికీలు తీయరు. పురుటికి వెళ్ళే అమ్మలు, కొత్త ఉయ్యాల మంచం, డ్రాయర్ల బల్ల నెల రెండు నెలల ముందే కొని గాలికి ఉంచమని ఇప్పుడే ఫోనులో చెప్పండి. ఇంట్లో ఉంటే పెరిగి, బయటికి వెళ్తే తగ్గే దగ్గు గాని కళ్ళమంట గాని ఎవరికైనా ఉంటే, ఓ.పి.లో ఆ సంగతి ముందుగా చెప్పండి. ఆ సామాను మీది ముద్రను ఫోటో తీసి తెస్తే ఇంకా మంచిది.