దేశిపాటకు బహుమానము

జానపద గాయకులను గూర్చియు, వారికి లభించిన సన్మానములను గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదని నన్ను గోరినారు. నేను పాటకాడను గాను. సంస్కృతాంధ్రములు చదువుకొని, బడిలో తెలుగు చెప్పి, విశ్రాంతి గైకొన్నవాడను. అయినను ఈ విషయమున నేను చేసిన తప్పొకటి కలదు. ముందు దానిని విన్నవించి, తరువాత చరిత్రకు వచ్చెదను.

ఇరువదియైదు సంవత్సరముల క్రిందటి మాట. మా భోగాపురమునకు చేరువనున్న యొక పల్లెలో సంక్రాంతికి పాటల పోటీ పెట్టిరి. గుణదోషములు నిర్ణయించుటకు పంతులుగారే తగుదురని నన్ను గూర్చుండబెట్టిరి. ఒక వృద్ధుడు జముకు చంకనిడుకొని ఎల్లమ్మకథ నెత్తుకొనెను. జముకనగా ఒకవైపు తోలు మూసి, ఆ తోలునడుమనుండి నరము లాగికట్టిన గుండ్రని వాద్యము; ఆ నరమును మీటినప్పుడు పుట్టు ధ్వని మా ఉత్తరాంధ్రమున బుట్టినవారికి గుండెలో మ్రోగును. జనము కదలక వినుచుండిరి. నేను మాత్రము కాగితముపై వ్రాసికొనుచుంటిని. ఏమి వ్రాసితిని? వాని అపశబ్దములను, తప్పిన యతులను! లెక్కచూచి వానికి మూడవ బహుమానముగా ఒక స్టీలుగ్లాసు నిప్పించితిని. మొదటి బహుమానము భాగవత పద్యము తప్పులేక చదివిన బడిపిల్లవానికి దక్కెను. వాడు నా శిష్యుడే. ఆ వృద్ధుడు గ్లాసును కన్నుల కద్దుకొని నాయొద్దకు వచ్చి, "బాబూ, తమరు రాసుకుంతంటే నా పాటే రాసుకుంతన్నారనుకున్నాను" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని.

ఆ మాటలోని ప్రశ్న నన్ను విడువలేదు. పాటకు బహుమానమిచ్చునప్పుడు మన మేమి వ్రాసికొనుచున్నాము? పాటనా, దోషములనా, లేక ఇచ్చువాని పేరునా?

మన శాస్త్రకారులు సంగీతమును మార్గమనియు, దేశి యనియు రెండు తెరగులుగా విభజించిరి. మతంగముని తన బృహద్దేశియందు దేశిని నిర్వచించుచు, స్త్రీలును, బాలురును, గోపాలురును, రాజులును తమతమ దేశములయందు అనురాగముతో, స్వేచ్ఛతో పాడుకొనునది దేశి యనెను. గోపాలుని రాజుతో నొక్క పంక్తిని గూర్చుండబెట్టిన ఆ నిర్వచనమును నేను విద్యార్థిగా కంఠస్థము చేసితిని. కాని మా ప్రాంతమున తప్పెటగుళ్లు ఆడువారు గొల్లలే యని, మతంగుడు చెప్పిన గోపాలురు మా వీధిలోనే యున్నారని నాకు తోచుటకు చాల కాలము పట్టినది. రొమ్మున రేకుతప్పెట గట్టుకొని, రెండుచేతుల వాయించుచు, కాలిగజ్జెలు ఘల్లుమన పదునైదు ఇరువదిమంది ఒక్క అడుగుగా గంగమ్మతల్లి పాటలు పాడుచు ఆడుదురు.

తెలుగున జానపదుని పాటకు మొదటి గౌరవము చేసినవాడు పాల్కురికి సోమనాథుడని నా యభిప్రాయము. పండితారాధ్యచరిత్రలో ఆయన తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు మొదలగువాని పేర్లను వరుసగా గ్రంథస్థము చేసెను. శాలువ కప్పలేదు, కాసు లీయలేదు, పేరు వ్రాసెను. అందువలననే ఏడెనిమిది వందల సంవత్సరముల తరువాతగూడ ఆ పాటలుండెనని మన మెరుగుదుము.

రాజుల సన్మానములు వేరు. గండపెండేరము, కనకాభిషేకము, వార్షికము, బిరుదము: ఇవి ఆస్థానమునకు రాగల విద్వాంసుల సొత్తు. మా విజయనగర సంస్థానము ఈ విషయమున పేరెన్నిక గన్నది. అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథాపితామహులై, 1919లో స్థాపించిన విజయనగర సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులైరి. వారి తరువాత 1936లో ఆ పదవి నధిష్ఠించిన ద్వారం వేంకటస్వామినాయుడుగారు 1941లో సంగీతకళానిధి బిరుదమును, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో పద్మశ్రీని బొందిరి. ఆ మహనీయులకు జరిగిన దంతయు తగినదే. కాని అదే కాలమున అదే విజయనగరమున పైడితల్లి జాతరలో తెల్లవార్లు ఆడిన తప్పెటగుళ్లవారి పేర్లేవి?

జానపదునకు వేరొక బహుమాన పద్ధతి యుండెను. కళ్లమునొద్ద మేరగా నిచ్చు ధాన్యము, జాతరలో క్రొత్తపంచె, ఆటనడుమ చదివింపులు. చదివింపనగా నెవరైన రూపాయి నిచ్చినప్పుడు కథ నాపి, వారి వంశమును దీవించి, పేరు బిగ్గరగా చాటుట. ఇందొక చిత్రమున్నది. ఊరివారి చెవిని బడునది ఇచ్చినవాని పేరు; పాడినవాని పేరు గాదు. అయినను ఆ పద్ధతి వాని కడుపు నింపెను. సన్మానపత్రము చేయలేని పని యది.

ఇక జానపద కళకు పాలకులిచ్చిన బహుమానములలో నిషేధమునుగూడ చేర్చవలెను. జంగముకథనుండి పెరిగిన బుర్రకథ ప్రజలను మేల్కొల్పుచున్నదని మదరాసు ప్రభుత్వమును, నైజాము ప్రభుత్వమును దానిని నిషేధించిన రోజులున్నవి. గుంటూరు మండలమున పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజరుగారు పల్నాటియుద్ధమును, బొబ్బిలియుద్ధమును, అల్లూరి సీతారామరాజు చరిత్రను బుర్రకథగా చెప్పి ఆంధ్రదేశమంతయు మారుమ్రోగించిరి. అదే కళకు 1986లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను. ఒక ప్రభుత్వము నోరుమూయించిన పాటకు మరియొక ప్రభుత్వము పతకము గట్టినది. పాట మారలేదు, వినువాడు మారెను.

స్వతంత్ర భారతమున ఈ సన్మానముల వ్యవస్థను కొంత వివరించెదను. సంగీత నాటక అకాడమీ 1952లో ఏర్పడినది. శాస్త్రీయ కళలతోపాటు జానపద, గిరిజన కళలకుగూడ పురస్కారము లిచ్చుచున్నది. పద్మ పురస్కారములు 1954లో ఆరంభమైనవి. రాజ్యాంగము 18వ అధికరణమున బిరుదములను రద్దుచేసినది గనుక, ఇవి బిరుదములు గావనియు, పేరునకు ముందుగాని వెనుకగాని తగిలింపరాదనియు సర్వోన్నత న్యాయస్థానము 1995లో తీర్పు చెప్పినది. వేదికలపై ఈ నియమమును పాటించువా రరుదు.

ఇటీవలి సంవత్సరములలో తెలుగునేలనుండి పద్మశ్రీ బొందినవారిలో మట్టివాసన గల కళాకారులు పలువురున్నారు. 2020లో మా శ్రీకాకుళపు రంగస్థల నటులు యడ్ల గోపాలరావుగారికిని, తోలుబొమ్మలాటకై దళవాయి చలపతిరావుగారికిని వచ్చినది. 2022లో పన్నెండుమెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్యగారికిని, డోలి వాయించుచు సమ్మక్క సారలమ్మల కథ పాడిన కోయ కళాకారులు సకిని రామచంద్రయ్యగారికిని లభించినది. 2023లో హరికథకై కోట సచ్చిదానందశాస్త్రిగారికిని, 2024లో బుర్రవీణకై దాసరి కొండప్పగారికిని, చిందు యక్షగానమునకై గడ్డం సమ్మయ్యగారికిని ఇచ్చిరి.

ఈ పట్టికను జూచి సంతోషింపవలసినదే. కాని రెండు సంగతులు దీని ప్రక్కన నుంచవలెను. మొగిలయ్యగారు 2024లో కట్టడపు పనిలో కూలిచేయుచున్నట్లు పత్రికలలో వచ్చినది. పద్మశ్రీతో ధనమేమియు రాదు. అది పతకము, పత్రము మాత్రమే. రెండవది వయస్సు. స్వాతంత్ర్యము వచ్చి 75 సంవత్సరములైన సందర్భమున సంగీత నాటక అకాడమీ, 75 ఏండ్లు దాటియు జాతీయ గౌరవమేదియు బొందని 84 మంది కళాకారులను వెదకి, 2023 సెప్టెంబరులో ఢిల్లీలో అమృత పురస్కారము లిచ్చినది. మంచిపని. కాని అంతమంది వృద్ధులు అంతకాల మెట్లు కంటబడకుండిరను ప్రశ్నకు ఆ సభయే సాక్ష్యము.

అదే 2023లో నాటు అను మన మాట ప్రపంచమంతయు వినబడినది. నాటు నాటు అను సినిమాపాటకు జనవరిలో గోల్డెన్ గ్లోబును, మార్చిలో ఆస్కారును వచ్చినవి. సంగీతకర్త కీరవాణిగారును, కవి చంద్రబోసుగారును దానిని గైకొనిరి. నాటనగా దేశియే, నాటుకోడి, నాటువైద్యము, నాటుపాట. ఒకప్పుడు మోటుదనమునకు పర్యాయముగా నేనే బడిలో అర్థము చెప్పిన మాటకు పట్టాభిషేకము జరిగినది.

అమెరికాదేశమున ఈ నాటుపాటకే, అనగా కంట్రీ సంగీతమునకే, ప్రత్యేక పురస్కారములున్నవి. దానిని పెంచినది రేడియో యగుట మనము గమనింపదగినది. 1925లో నాష్విల్ పట్టణపు రేడియోలో ఆరంభమైన గ్రాండ్ ఓల్ ఓప్రీ కార్యక్రమము పల్లెటూరి పాటను దేశమంతట వినిపించినది. మన తెలుగున గూడ 1938లో మదరాసు, 1948లో విజయవాడ, 1963లో విశాఖపట్టణము రేడియో కేంద్రములు వచ్చి పల్లెపదమును దూరములకు జేర్చినవి. వింజమూరి సీత, అనసూయ సోదరీమణులు ఆ విధముగనే జానపద గీతమును పట్టణపు ఇండ్లలోనికి దెచ్చిరి.

నాష్విల్‌లో 1958లో ఆ వృత్తివారు సంఘముగా నేర్పడి, 1967లో బహుమానములు మొదలుపెట్టిరి. మొదటియేటి ప్రధాన పురస్కారము ఎడ్డీ ఆర్నల్డునకు వచ్చెను. 1971లో, పాలుకు సేద్యముచేయు పేద నల్లజాతి రైతు కుమారుడగు చార్లీ ప్రైడ్ దానిని బొందెను. 1972లో, బొగ్గుగనికార్మికుని కూతురగు లొరెట్టా లిన్ దానిని గెలుచుకొన్న మొదటి స్త్రీ యయ్యెను. 1975లో ఒక విడ్డూరము జరిగెను. గతసంవత్సరపు విజేతయగు చార్లీ రిచ్, జాన్ డెన్వర్ పేరున్న చీటిని వేదికపైననే లైటరుతో కాల్చెను. పట్టణపు పాటకాడు నాటుపాటకాడగునా యన్న వివాదము అప్పటికే రగులుచుండెను. 2024లో బియాన్సే యను గాయని వెలువరించిన కంట్రీ గీతసంపుటికి ఆ సంఘము ఒక్క ప్రతిపాదనయు జేయలేదు. 2025 ఫిబ్రవరిలో వేరొక సంస్థవారి గ్రామీ బహుమానములలో అదియే ఉత్తమ కంట్రీ సంపుటి యనిపించుకొన్నది. రాజిచ్చినను, ప్రభుత్వమిచ్చినను, వృత్తివారే ఓట్లువేసి యిచ్చినను, ఏది నిజమైన దేశి యని నిర్ణయించుటలో తగవు తప్పదని దీనివలన తెలియుచున్నది.

కావున బహుమానములు వలదందునా? అనను. ముసలివానికి ఆ స్టీలుగ్లాసైన కన్నుల కద్దుకొనదగినదే యయ్యెను. కాని ఇచ్చుటలో మూడు సవరణలు కావలెను.

మొదటిది: దేశిపాట ఒక్కని సొత్తు గాదు. బుర్రకథలో కథకునికి కుడియెడమల ఇద్దరు వంతలుందురు. ఒకడు లోకవ్యవహారము చెప్పును, ఒకడు హాస్యమాడును. వారు లేక కథ నడువదు. పతకము కథకునకే యిత్తురు. తప్పెటగుళ్ల దళమున ఇరువదిమంది యున్నచో శాలువ ఒక్కటి! పతకమొక్కటియే యైనను, పత్రముపై అందరి పేర్లును వ్రాయుట కేమి వ్యయమగును?

రెండవది: సన్మానము గొంతుండగా రావలెను. 40 ఏండ్ల లోపువారికై సంగీత నాటక అకాడమీ 2006లో యువపురస్కారమును నెలకొల్పినది. ఆ మార్గమున గ్రామముల వరకు నడువవలెను. జాతరకు పిలిచిన దళమునకు తగిన పారితోషికము బేరమాడక యిచ్చుట, ముసలితనమున కప్పు పది శాలువలకంటె మేలు.

మూడవది, సోమనాథుడు చేసిన పని: వ్రాసికొనుట. బిరుదురాజు రామరాజుగారు, నేదునూరి గంగాధరముగారు వంటివారు ఊరూర దిరిగి పాటలను సేకరించి గ్రంథములుగా నిలిపిరి. ఆ పని ముగియలేదు. నేడు ప్రతి యింటను శబ్దమును పట్టియుంచు యంత్రము చేతిలోనే యున్నది. మీ యూరి పాటను పట్టుడు; పాడినవాని పేరు, ఊరు, తేది దాని వెంట జేర్చుడు. పేరులేని పాట పదియేండ్లలో అనాథ యగును.

ఆ జముకుల వృద్ధుడు గతించి చాల ఏండ్లయినది. ఉద్యోగవిరమణ జేసిన పిమ్మట నేను వాని కుమారునొద్దకు వెళ్లి, పుస్తకము దెరచి కూర్చుంటిని. తండ్రి మూడు రాత్రులు చెప్పిన కథలో కుమారునకు ఒక్క రాత్రిపాటు మాత్రమే జ్ఞాపకమున్నది. ఈసారి అపశబ్దములను దిద్దలేదు. అతడు పలికినది పలికినట్లే వ్రాసితిని. తక్కిన రెండు రాత్రుల కథ నా యెదుటనే ఒకనాడు పాడబడినది, నా చేతిలో కలముండగానే పోయినది. మీ యూర నెవరైన పాడుచుండగా మీ చేతిలో కలమున్నచో, దానిని నావలె వాడకుడని వేడుకొని సెలవు గైకొనుచున్నాను.