లహైనా మర్రి నీడన

ఊరికి ఆనవాలుగా నిలిచిన చెట్టు కాలం గడిచేకొద్దీ ఆ ఊరి ప్రార్థనలకూ జ్ఞాపకాలకూ, ఒక్కోసారి తీరని గాయాలకూ నెలవవుతుంది. అమెరికాలోని హవాయి రాష్ట్రంలో, మౌయి ద్వీపపు పడమటి తీరాన ఉన్న లహైనా పట్టణంలోని మర్రి ఇందుకు నిదర్శనం. రాజమాత కియోపువోలని ఆదరణతో 1823లో ప్రొటెస్టంట్ మిషనరీలు అక్కడ స్థిరపడి యాభై ఏళ్లు నిండిన సందర్భానికి గుర్తుగా, భారతదేశం నుంచి తెచ్చిన ఎనిమిది అడుగుల మొక్కను 1873 ఏప్రిల్ 24న షెరీఫ్ విలియం ఓవెన్ స్మిత్ కోర్టు భవనం చెంత నాటారు. హిందువులు పవిత్రంగా కొలిచే వృక్షం అక్కడ క్రైస్తవ మత ప్రచారానికి స్మారక చిహ్నమైంది.

ఊడలు, నీటి జాడీలు

నేలను తాకిన ఊడ పాతుకుని కొత్త బోదెగా మారుతుంది కనుక మర్రి ఒక్క చెట్టుగానే తోపంత విస్తరిస్తుంది. ఏ ఊడలు కిందికి దిగాలని కోరుకున్నారో వాటికి స్థానికులు నీళ్లు నింపిన గాజు జాడీలు వేలాడదీసేవారని చెబుతారు. అరవై అడుగుల ఎత్తుకు ఎదిగి, ఎకరంలో మూడింట రెండు వంతుల మేర పరచుకున్న దాని నీడన సంతలూ వేడుకలూ జరిగేవి. తిమ్మమ్మ మర్రిమాను, పాలమూరు పిల్లలమర్రి ఎరిగిన తెలుగువారికి ఈ అనుబంధం కొత్తది కాదు.

అంతకు ముందున్న నీడ

అయితే ఆ ఊరి మొదటి నీడ మర్రిది కాదు. పూర్వం లేలే అని పిలిచిన ఆ ప్రాంతం ఉలు తోపులకు, అంటే స్థానికులకు ముఖ్యాహారమైన సీమ పనస చెట్లకు, పేరుపొందింది. 1820 నుంచి 1845 వరకు హవాయి రాజ్యానికి రాజధానిగా వెలిగిన ఆ నేలపై చెరకు తోటలు విస్తరించి వాగుల నీటిని మళ్లించుకోవడంతో ఆ పచ్చదనం తరిగిపోయింది. మర్రి నాటిన స్మిత్, 1893లో రాణి లిలియువోకలానిని గద్దె దించినవారిలో ఒకరు. కనుక కొందరు ఆదివాసీ హవాయీయులకు ఆ నీడ చల్లదనంతోపాటు, కోల్పోయిన రాజ్యాన్ని కూడా గుర్తుచేస్తుంది.

బూడిదలో చిగురు

2023 ఆగస్టు 8న చెలరేగిన కార్చిచ్చు వందమందికి పైగా ప్రాణాలను బలిగొని, పట్టణంలో అధిక భాగాన్ని బూడిద చేసింది. ఆకులు మాడి, కొమ్మలు కమిలిన మర్రిని వృక్ష నిపుణులు పరీక్షించి, బెరడు కింద కొత్త కణాలను పుట్టించే కేంబియం అనే పలుచని పొర చాలాచోట్ల సజీవంగా ఉందని గుర్తించారు. ట్యాంకర్లతో నీళ్లు పోసి, మొదళ్లకు కంపోస్టు అందించగా సెప్టెంబరులో లేతాకులు తొంగిచూశాయి. ఇళ్లూ అయినవారూ దూరమైనవారికి అవి ఓదార్పునిచ్చాయి. అదే సమయంలో, కాలిపోయిన ఉలు చెట్లను బతికించుకుని మళ్లీ తోపులు పెంచేందుకు మరికొందరు స్వచ్ఛందంగా పూనుకున్నారు.

ఈ రెండు ప్రయత్నాలూ ఒకదానికొకటి పోటీ కాదు. మర్రికి నీళ్లు పోసే చేతులు ఉలు మొక్కకూ చోటు చూపినప్పుడే, మర్రిని నాటిన చరిత్రలోని అన్యాయాన్ని మరవకుండానే ఊరంతా ఆ నీడను తనదనుకోగలుగుతుంది.