షాట్కీ డయోడ్‌లో లీకేజీ ఎందుకు ఎక్కువ?

పవర్ సప్లై బోర్డుల మీద తరచుగా కనిపించే రెండు డయోడ్ల డేటాషీట్లను పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. ఒకటి 1ఎన్4007, మామూలు సిలికాన్ పీఎన్ డయోడ్. రెండోది 1ఎన్5819, షాట్కీ డయోడ్. రెండూ ఒక ఆంపియర్ కోసం తయారైనవే. ఆ ఆంపియర్ ప్రవహిస్తున్నప్పుడు మొదటిదాని మీద పడే వోల్టేజి గరిష్ఠంగా 1.1 వోల్టులు, రెండోదాని మీద 0.6. ఇంతవరకే చదివితే షాట్కీయే మేలనిపిస్తుంది. ఇంకాస్త కింద లీకేజీ వరస ఉంటుంది. తిరోబయాస్‌లో, 25 డిగ్రీల దగ్గర, మొదటిది 5 మైక్రో ఆంపియర్లకు మించి పోనివ్వదు. రెండోది ఒక మిల్లీ ఆంపియర్ దాకా పోనిస్తుంది. అంటే 200 రెట్లు. పైగా మొదటిది ఆపుతున్నది 1000 వోల్టులను, రెండోది 40 వోల్టులనే.

చాలామంది ఈ రెండు వరసలనూ వేర్వేరు విషయాలుగా చదువుతారు. ఒకటి గుణం, ఇంకొకటి లోపం, మంచి కంపెనీ ఎవరైనా ఆ లోపాన్ని సరిచేస్తారు అన్నట్టు. అలా సరిచేయడం కుదరదు. వోల్టేజి తక్కువ పడడం, లీకేజీ ఎక్కువ కావడం, ఈ రెండింటినీ నిర్ణయించేది ఒకే సంఖ్య: లోహానికీ సెమీకండక్టర్‌కూ మధ్య ఏర్పడే శక్తి అవరోధపు ఎత్తు. అది ఎక్కడ పుడుతుందో, ఎందుకు అంత సులువుగా లెక్కకు అందదో తెలుసుకుంటే ఈ డయోడ్ ప్రవర్తన చాలావరకు తెలిసినట్టే.

ఎన్-రకం సిలికాన్ మీద బంగారం పొర వేశామనుకోండి. సిలికాన్ వాహక పట్టీ అడుగున ఉన్న ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి 4.05 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. బంగారం నుంచి లాగాలంటే 5.1 దాకా కావాలి. ఎలక్ట్రాన్ బంగారంలో ఇంకా గట్టిగా కట్టుబడి ఉంటుందన్నమాట. అందుకే రెండూ తాకగానే సిలికాన్ అంచులోని ఎలక్ట్రాన్లు లోహంలోకి వెళ్లిపోతాయి. వాటిని ఇచ్చిన దాత పరమాణువులు ధనావేశంతో కదలకుండా అక్కడే ఉండిపోతాయి. ఇంటర్మీడియెట్‌లో చదువుకున్న లేమి పొర ఇదే. ఘన సెంటీమీటరుకు 10¹⁶ దాత పరమాణువులున్న సిలికాన్‌లో దాని మందం సుమారు పావు మైక్రాన్. ఆ ధనావేశం వల్ల పుట్టిన విద్యుత్ క్షేత్రం మిగిలిన ఎలక్ట్రాన్లను ఇక కదలనివ్వదు.

ఇలా ఏర్పడిన అవరోధాన్ని గట్టు అనుకుందాం. రెండు వైపుల నుంచి దాని ఎత్తు ఒకేలా ఉండదు. లోహం వైపు అది నిటారుగా ఉంటుంది, బయటి వోల్టేజితో ఆ ఎత్తు దాదాపు మారదు. సిలికాన్ వైపు వాలుగా ఉంటుంది. పురోబయాస్ ఇస్తే సిలికాన్ వైపు మట్టం లేచి దాటాల్సిన ఎత్తు తగ్గుతుంది, తిరోబయాస్ ఇస్తే మట్టం పడిపోయి ఎత్తు పెరుగుతుంది. కాబట్టి ముందు దిశలో కరెంటు అంతకంతకూ ఉరవడి పెంచుకుంటుంది. వెనక దిశలో, లోహం వైపు నుంచి ఉష్ణశక్తితో గట్టెక్కగలిగిన కొద్దిపాటి ఎలక్ట్రాన్లు మాత్రమే దాటుతాయి. లీకేజీ అంటే ఆ కొద్దిపాటి ఎలక్ట్రాన్లే.

ఎన్ని దాటుతాయో లెక్కగట్టింది హాన్స్ బేథే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ రిసీవర్లకు స్ఫటిక డిటెక్టర్లు అవసరమైనప్పుడు, 1942లో ఆయన ఈ సిద్ధాంతాన్ని రూపొందించాడు. కాలిన ఫిలమెంట్ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడినట్టే ఇక్కడా వెలువడతాయన్నది అందులోని మూల భావన. ఎన్-రకం సిలికాన్‌కు సుమారు 112గా ఉండే ఒక స్థిరాంకాన్ని కెల్విన్ ఉష్ణోగ్రత వర్గంతో గుణించాలి. దాన్ని మళ్లీ, అవరోధం పెరిగే కొద్దీ ఘాతీయంగా తగ్గిపోయే పదంతో గుణించాలి. అవరోధం 0.72 ఎలక్ట్రాన్ వోల్టులయితే, 300 కెల్విన్ దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు 8 మైక్రో ఆంపియర్ల సంతృప్త కరెంటు వస్తుంది. మామూలు సిలికాన్ పీఎన్ సంధిలో దీనికి సాటి వచ్చే సంఖ్య 10 పికో ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. దాదాపు పది లక్షల రెట్ల తేడా.

ముందు దిశలో పోయే కరెంటు ఎంత? ఇదే సంతృప్త కరెంటును, వోల్టేజితో ఘాతీయంగా పెరిగే ఒక పదంతో గుణించగా వచ్చేదే. గది ఉష్ణోగ్రత దగ్గర ప్రతి 60 మిల్లీ వోల్టులకూ అది పది రెట్లవుతుంది. ఆదర్శ డయోడ్లయితే, షాట్కీకైనా పీఎన్‌కైనా ఈ వాలు ఒకటే. తేడా అంతా ఎక్కడ మొదలుపెట్టారన్న దాంట్లోనే ఉంది. చదరపు సెంటీమీటరుకు 10 ఆంపియర్లు కావాలంటే పైన చెప్పిన షాట్కీకి 0.36 వోల్టులు చాలు, పీఎన్‌కు 0.71 కావాలి. షాట్కీ తక్కువ వోల్టేజికే కరెంటు ఇవ్వగలగడానికి కారణం దాని లీకేజీ ఎక్కువ కావడమే. అవరోధాన్ని మరో 60 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు తగ్గిస్తే ముందు వోల్టేజి 60 మిల్లీ వోల్టులు తగ్గుతుంది, లీకేజీ పది రెట్లు పెరుగుతుంది. ఒకటి తీసుకుని ఇంకొకటి వద్దనే వీలు ఈ సమీకరణంలో లేదు.

అయితే ఆ అవరోధం విలువ ఎంతో ముందుగా చెప్పగలమా? ఈ ప్రశ్నే భౌతిక శాస్త్రజ్ఞులను దశాబ్దాల పాటు తిప్పలు పెట్టింది. లోహపు మొనకూ ఖనిజానికీ మధ్య కరెంటు ఒకే దిశలో బాగా పోతుందని ఫెర్డినాండ్ బ్రౌన్ 1874లోనే గమనించాడు. సీసపు ఖనిజమైన గెలీనాతో చేసిన డిటెక్టర్‌కు జగదీశ్ చంద్ర బోస్ 1901లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1904లో అది మంజూరైంది. పనిచేస్తోందని తెలుసు, ఎందుకు పనిచేస్తోందో తెలియదు. 1938 ప్రాంతంలో జర్మనీలో వాల్టర్ షాట్కీ, ఇంగ్లండులో నెవిల్ మాట్ విడివిడిగా కారణం చెప్పారు. వాళ్ల సూత్రం చాలా సరళం: లోహపు పని ప్రమేయంలోంచి సెమీకండక్టర్ ఎలక్ట్రాన్ అఫినిటీని తీసేస్తే మిగిలేదే అవరోధం.

ఈ సూత్రాన్ని నిజమైన లోహాలతో సరిచూద్దాం. బంగారానికి 5.1లోంచి 4.05 తీసేస్తే 1.05 రావాలి. కొలిస్తే వచ్చేది సుమారు 0.8. అల్యూమినియం పని ప్రమేయం సుమారు 4.28, కాబట్టి 0.23 రావాలి. కొలిస్తే సుమారు 0.72. రెండు లోహాల మధ్య 0.8కి పైగా తేడా ఉండాల్సిన చోట అందులో పదో వంతే కనిపిస్తోంది. ఏ లోహం వేసినా అవరోధం ఒకే ప్రాంతంలో ఇరుక్కుపోయినట్టు ఉంటుంది. గాలియం ఆర్సెనైడ్‌లోనైతే ఈ పట్టు ఇంకా గట్టిది.

దీనికి జాన్ బార్డీన్ 1947లో జవాబిచ్చాడు. స్ఫటికం అంతమయ్యే చోట పరమాణువుల బంధాలు సగంలో తెగి ఉంటాయి. అక్కడ ఎలక్ట్రాన్లు కూర్చోగల ఉపరితల స్థాయిలు ఏర్పడతాయి. అవి తగినన్ని ఉంటే, లోహం తెచ్చే మార్పునంతా తామే మింగేస్తాయి. లోపలి సిలికాన్‌కు బయట ఏ లోహం ఉందో తెలియనే తెలియదు. తర్వాతి కాలంలో, లోహపు ఎలక్ట్రాన్ తరంగాలే సెమీకండక్టర్ లోపలికి కొన్ని పరమాణు దూరాలు చొచ్చుకువచ్చి ఇలాంటి స్థాయిలను కల్పిస్తాయన్న వివరణ కూడా వచ్చింది.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న ప్రయోగం 1984లో బెల్ ల్యాబ్స్‌లో రేమండ్ టంగ్ చేసినది. ఆయన సిలికాన్ మీద నికెల్ డైసిలిసైడ్‌ను ఏక స్ఫటికంగా పెంచాడు. ఒక నమూనాలో అది కింది సిలికాన్ వరుసలకు నేరుగా కొనసాగింపుగా ఉంది. ఇంకొకదానిలో అదే స్ఫటికం, తలానికి లంబంగా ఉన్న అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిరిగి ఉంది. లోహం అదే, సిలికాన్ అదే, ముఖం కూడా అదే. అవరోధాలు మాత్రం 0.65, 0.79. కరెంటు లెక్కలో అది 200 రెట్లకు పైబడిన తేడా. కలిసే చోట ఉన్న ఒకటి రెండు పరమాణు పొరల అమరిక మారితేనే ఇంత మారిందంటే, పుస్తకాల్లోని పని ప్రమేయాల పట్టిక చూసి డయోడ్‌ను రూపొందించడం కుదరని పని. షాట్కీ-మాట్ సూత్రాన్ని తరగతిలో ఇప్పటికీ మొదట చెప్పాల్సిందే. కానీ అల్యూమినియం ఉదాహరణ చెప్పకుండా అక్కడితో ఆపేసే పాఠం విద్యార్థికి అన్యాయం చేస్తుంది.

పరిశ్రమ ఈ చిక్కును ఆచరణలో పరిష్కరించుకుంది. ప్లాటినం లాంటి లోహాన్ని సిలికాన్ మీద వేసి వేడిచేస్తే రెండూ కలిసి ప్లాటినం సిలిసైడ్ అవుతుంది. ఆ చర్య సిలికాన్‌ను కొంత తినేస్తూ లోపలికి జరుగుతుంది కాబట్టి అసలైన సంధి, గాలీ మురికీ తగిలిన పాత ఉపరితలం దగ్గర కాకుండా దాని కింద శుభ్రమైన చోట ఏర్పడుతుంది. అవరోధం నిలకడగా 0.84 దగ్గర వస్తుంది.

లోహం వైపు ఎత్తు వోల్టేజితో దాదాపు మారదని పైన చెప్పుకున్నాం. కాస్త మారుతుంది, ఆ కాస్తకే పెద్ద ఫలితం ఉంటుంది. లోహం దగ్గరికి వచ్చిన ఎలక్ట్రాన్‌ను లోహంలోని దాని ప్రతిబింబ ఆవేశం లాగుతుంది. దాంతో అవరోధపు శిఖరం కొద్దిగా కుంగుతుంది. సిలికాన్‌లో సెంటీమీటరుకు లక్ష వోల్టుల క్షేత్రం ఉంటే ఆ కుంగుబాటు సుమారు 35 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు, లీకేజీ దాదాపు నాలుగు రెట్లు. తిరోబయాస్ పెంచేకొద్దీ షాట్కీ లీకేజీ స్థిరంగా నిలవకుండా పెరుగుతూ పోవడానికి ఇదొక ముఖ్య కారణం. లోహపు అంచుల దగ్గర క్షేత్రం ఇంకా ఎక్కువ. అందుకే అంచు చుట్టూ పీ-రకం కంచె వలయాన్ని పెడతారు.

ప్రయోగశాలలో అవరోధాన్ని రెండు విధాలుగా కొలుస్తారు. కరెంటు-వోల్టేజి గీత నుంచి ఒకటి, కెపాసిటెన్స్ వర్గపు విలోమాన్ని వోల్టేజితో గీసిన సరళరేఖ నుంచి ఇంకొకటి. రెండో విలువే సాధారణంగా ఎక్కువగా వస్తుంది. సంధి అంతటా అవరోధం ఒకే ఎత్తులో ఉండదు. కరెంటు తక్కువ ఎత్తున్న చోట్లను వెతుక్కుని అక్కడ ఎక్కువగా పోతుంది, కెపాసిటెన్స్ మాత్రం మొత్తానికీ సగటు చెబుతుంది. వెర్నర్, గుట్లర్ 1991లో ఈ తేడాను గణితంగా వివరించారు. ఇండియం ఫాస్ఫైడ్, గాలియం నైట్రైడ్ మీద రకరకాల లోహాలతో డయోడ్లు చేసి ఇలాంటి కొలతలు తీసిన పరిశోధన పత్రాలు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం నుంచి ఏళ్ల తరబడి వెలువడ్డాయి. ఈ రంగంలోకి రావాలనుకునే మన విద్యార్థులు ఆ పత్రాలతో మొదలుపెట్టవచ్చు.

వేగం సంగతి క్లుప్తంగా. పీఎన్ డయోడ్‌లో అల్పసంఖ్యాక వాహకాలు పోగుపడతాయి, దిశ మార్చగానే అవి ఖాళీ అయ్యేదాకా డయోడ్ మూసుకోదు. షాట్కీలో కరెంటు మోసేవి అధికసంఖ్యాక ఎలక్ట్రాన్లే కాబట్టి ఆ ఆలస్యం లేదు. స్విచింగ్ సప్లైలలో దీనికున్న గిరాకీకి ఇదీ కారణమే. దీనికి ఇంకో ముఖం ఉంది. ఎక్కువ వోల్టేజిని ఆపాలంటే మందమైన, డోపింగ్ తక్కువైన పొర కావాలి. పీఎన్‌లో పోగుపడిన వాహకాలు ఆ పొర నిరోధాన్ని తగ్గిస్తాయి, షాట్కీలో తగ్గించేవి లేవు. అందుకే సిలికాన్ షాట్కీలు మామూలుగా 200 వోల్టుల లోపే ఆగిపోతాయి. పలుచని పొరతోనే పెద్ద క్షేత్రాన్ని తట్టుకోగల సిలికాన్ కార్బైడ్ 2001లో మార్కెట్లోకి వచ్చాకే ఈ డయోడ్లు 600 వోల్టులకు చేరాయి.

ఇక వేడి. 0.72 అవరోధమున్న డయోడ్‌ను 27 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తీసుకెళితే లెక్క ప్రకారం సంతృప్త కరెంటు 350 రెట్లకు పైగా పెరుగుతుంది. ఈ మాట సోలార్ ప్యానెల్ పెట్టుకున్నవారికి నేరుగా వర్తిస్తుంది. 60 సెల్స్ ఉన్న ప్యానెల్ వెనక జంక్షన్ బాక్సులో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లుంటాయి, ఒక్కోటి 20 సెల్స్‌కు కాపలా. ఎక్కువగా అవి షాట్కీలే. కొమ్మ నీడో, నీళ్ల ట్యాంకు నీడో పడితే ఆ వరుస కరెంటంతా డయోడ్ గుండా మళ్లుతుంది. 10 ఆంపియర్లు, అర వోల్టు అనుకుంటే, మూసిన పెట్టెలో 5 వాట్ల వేడి. నీడ తొలగగానే, ఆ కాగిన డయోడ్ మీదే దాదాపు 10 వోల్టుల తిరోబయాస్ పడుతుంది. అప్పటి లీకేజీ పుట్టించే వేడి బయటికి పోయే వేడిని మించితే ఉష్ణోగ్రత పెరుగుతుంది, దాంతో లీకేజీ ఇంకా పెరుగుతుంది, చివరికి డయోడ్ మాడిపోతుంది. ఈ ప్రమాదాన్ని పరీక్షించడానికే ఐఈసీ 62979 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. రాయలసీమ మే నెల ఎండలో జంక్షన్ బాక్సుకు చల్లబడే అవకాశం ఎంత తక్కువో చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఇన్‌స్టాలర్లకూ రిపేరు చేసేవారికీ నా విన్నపం ఇది. పాడైన షాట్కీ బదులు కొత్తది వేసేటప్పుడు ఆంపియర్లు, ముందు వోల్టేజి చూసి సరిపెట్టుకోకండి. డేటాషీట్లో 100 లేదా 125 డిగ్రీల దగ్గర ఇచ్చిన లీకేజీ సంఖ్యను చూడండి. వేడి చోట పనిచేయాల్సిన డయోడ్‌కు ముందు వోల్టేజి కాస్త ఎక్కువైనా సరే, లీకేజీ తక్కువగా ఉన్నదాన్నే ఎంచుకోండి.