అయిదు రోజులూ క్రీజులోనే!

ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కితే యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ మీదుగా సికింద్రాబాద్ చేరతాం. 1939 మార్చి 3న ఎం.ఎల్. జయసింహ పుట్టింది ఆ సికింద్రాబాద్‌లోనే. టెస్టు మ్యాచ్‌లో అయిదు రోజులూ బ్యాటింగ్ చేసిన ఆటగాళ్లలో ప్రపంచంలోనే మొదటివారు ఆయన. పాతబస్తీ గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడే పిల్లలకు కోహ్లీ సెంచరీలన్నీ నోటికి వచ్చు. మన ఊరివాడి పేరిట ఇంత అరుదైన ఘనత ఉందని వాళ్లలో ఎందరికి చెప్పాం?

అది 1960 జనవరి. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు. మొదటి రోజు సాయంత్రం తొమ్మిదో స్థానంలో దిగిన జయసింహ, రెండో రోజు జట్టు ఆలౌటయ్యేసరికి 20 పరుగులతో నాటౌట్‌గా మిగిలారు. మూడో రోజు ఆట ముగియబోతుండగా రెండో ఇన్నింగ్స్‌లో ఆయన్ను ముందుకు జరిపి పంపారు. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వికెట్ ఇవ్వలేదు, ఆ రోజంతా కలిపి చేసినవి 59 పరుగులే. అయిదో రోజు 74 దగ్గర అవుటయ్యారు. మ్యాచ్ డ్రా అయింది.

కావాలనుకుంటే దక్కే రికార్డు కాదిది. జయసింహలా సాధించాలంటే మొదటి ఇన్నింగ్స్ మొదటి రోజే మొదలై రెండో రోజుకు సాగాలి. రెండోది మూడో రోజు చీకటి పడేలోపు మొదలవ్వాలి. మర్నాడంతా నిలబడాలి. అదృష్టం ఎంత తోడొచ్చినా ఆ నాలుగో రోజు మాత్రం ఓపికదే. అదే ఏడాది చివర్లో కాన్పూర్‌లో పాకిస్తాన్ మీద జయసింహ ఎనిమిది గంటలకు పైగా ఆడి, 99 దగ్గర రనౌట్ అయ్యారు. తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

అలాగని జిడ్డు ఆటగాడు అనుకునేరు! కాలర్ పైకి లేపి, మెడకు రుమాలు చుట్టి, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ఆయన నడిచొస్తుంటే చూడ్డానికే జనం వచ్చేవారు. 1968లో ఆస్ట్రేలియా పర్యటనకు మొదట ఎంపిక కాలేదు. మధ్యలో పిలుపొస్తే విమానం దిగి, సరైన సాధన కూడా లేకుండా బ్రిస్బేన్‌లో 74, 101 చేశారు. 395 పరుగుల లక్ష్యానికి భారత్ 39 పరుగుల దూరంలో ఆగిపోయింది. ఓడినా ఆ ఇన్నింగ్స్ విదేశాల్లో మనవాళ్లు ఆడిన మేటి ఆటల్లో ఒకటని నా గట్టి నమ్మకం. భారత జట్టు సారథి పటౌడీ, హైదరాబాద్ తరఫున రంజీల్లో జయసింహ నాయకత్వంలో ఆడారంటే ఆయన స్థాయి అర్థమవుతుంది. 39 టెస్టుల్లో 2056 పరుగులు. ఆట మానేశాక సెలక్టర్‌గా, జట్టు మేనేజర్‌గా పనిచేశారు. 1987 ప్రపంచ కప్‌లో టీవీ వ్యాఖ్యాతగా మైకు పట్టారు.

సునీల్ గవాస్కర్ తన కొడుక్కి రోహన్ జయవిశ్వ అని పేరు పెట్టారు. రోహన్ కన్హాయ్, జయసింహ, విశ్వనాథ్ అనే ముగ్గురు క్రికెటర్లూ ఆ పేరులో ఉన్నారు. ఆ రోహన్ భారత్‌కు 11 వన్డేలు ఆడి, తర్వాత వ్యాఖ్యాత అయ్యారు.

వరుసగా మైకు దగ్గరికే

జయసింహ తర్వాత ఈ అయిదు రోజుల ఘనత అందుకున్నవారిలో కొందరిని చూడండి. 1977లో జెఫ్ బాయ్‌కాట్, 1980లో కిమ్ హ్యూస్, 1984లో అలన్ లాంబ్, 1984-85లో రవిశాస్త్రి, 2006లో ఫ్లింటాఫ్. వీరిలో బాయ్‌కాట్, శాస్త్రి గొంతులు క్రికెట్ చూసే ప్రతి ఇంటికీ తెలుసు. ఫ్లింటాఫ్ బ్రిటన్ టీవీలో పేరున్న ప్రయోక్త. మరో విశేషం: ఈ ఘనత అందుకున్న భారతీయులు జయసింహ, శాస్త్రి, పుజారా (2017). ముగ్గురూ ఈడెన్‌లోనే సాధించారు!

అదే మైదానం, మరో హైదరాబాదీ

2001 మార్చి 14న వి.వి.ఎస్. లక్ష్మణ్, ద్రావిడ్ ఈడెన్‌లో రోజంతా ఆడి వికెట్ పడకుండా జట్టుకు 335 పరుగులు చేర్చారు. ఇద్దరి భాగస్వామ్యం 376. లక్ష్మణ్ 281 అప్పటికి భారత్ తరఫున అత్యధిక టెస్టు స్కోరు. 1999-2000 రంజీ సీజన్లో ఆయన చేసిన 1415 పరుగులను ఇంకా ఎవరూ దాటలేదు. 134 టెస్టులాడిన ఇంతటి బ్యాటర్‌కు ఒక్క వన్డే ప్రపంచ కప్ మ్యాచ్ కూడా దక్కలేదు. వీడ్కోలు పలికాక కొన్నేళ్లు వ్యాఖ్యాతగా ఉండి, 2021 డిసెంబరులో బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకున్నారు.

టెస్టు ఆడకుండానే

వ్యాఖ్యాత హర్షా భోగ్లే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్ చదివారు. పంతొమ్మిదేళ్లకే ఆకాశవాణిలో కామెంటరీ మొదలుపెట్టారు. 1991-92లో ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ ఆయన్ను పిలిచింది.

ఇరవై రెండేళ్ల ఆట

సికింద్రాబాద్ కీస్ హైస్కూల్లో చదివిన మిథాలీ రాజ్ కూడా రిటైరయ్యాక వ్యాఖ్యాతల కుర్చీలో కనిపించారు. 1999 జూన్ 26న తొలి వన్డేలో ఐర్లాండ్ మీద 114 నాటౌట్, అప్పటికి ఆమెకు పదహారేళ్లు. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద 214. వన్డేల్లో 232 మ్యాచ్‌లు, 7805 పరుగులు. మొదటి వన్డేకూ చివరి వన్డేకూ మధ్య 22 ఏళ్ల 274 రోజులు. 2022 మార్చి 27న క్రైస్ట్‌చర్చ్‌లో, ఆ చివరి మ్యాచ్‌లో కూడా 68 పరుగులు చేసే వెనుదిరిగారు.