చూలు కట్టకపోతే తప్పు పందిదేనా?

ఆడపంది 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. దాటించాక చూలు నిలిస్తే సుమారు 114 రోజులకు ఈనుతుంది. నిలవకపోతే మూడు వారాలకు మళ్లీ ఎద చూపిస్తుంది. రెండు మూడుసార్లు ఇలా జరిగితే గొడ్డుదని చెప్పి కోతకు అమ్మేస్తారు. అమ్మేముందు కొట్టంలో వేడి ఎంతుందో, పందులు ఎంత కుమ్ముకుంటున్నాయో, పనివాళ్లు వాటితో ఎలా మసలుతున్నారో చూడాలి. వీటిలో ఏది శ్రుతిమించినా చూలు దెబ్బతినవచ్చు.

పంది బెదిరినప్పుడు మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని హెచ్చరిస్తుంది. ఆ గ్రంథి పంపిన హార్మోను అందగానే అడ్రినల్ గ్రంథి కార్టిసాల్‌ను వదులుతుంది. ఎదను నడిపేదీ ఈ హైపోథాలమస్, పీయూష గ్రంథులే. అండం విడుదల కావాలంటే పీయూష గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా ఉప్పొంగాలి. కార్టిసాల్ రోజుల తరబడి ఎక్కువగా ఉంటే ఆ పొంగు తగ్గిపోవచ్చు, అసలు రాకనూ పోవచ్చు.

కాసేపటి బెదురుతో మాత్రం ఇంత నష్టం ఉండదు. ఈడుకొచ్చిన పిల్లపందులను వేరే కొట్టంలోకి మార్చి, మగపందిని చూపిస్తే వాటిలో చాలావరకు త్వరగా ఎదకు వస్తాయి. పెంపకందారులు ఈ పద్ధతిని వాడుకుంటారు కూడా. ముప్పంతా విడవకుండా సాగే ఒత్తిడితోనే.

ఆస్ట్రేలియాలో పాల్ హెమ్స్‌వర్త్, జాన్ బార్నెట్ బృందం 1980లలో చేసిన ప్రయోగాలు దీన్ని స్పష్టం చేశాయి. దగ్గరికి వచ్చిన పందులను కొన్నింటిని నిమిరారు, కొన్నింటిని చరిచారు లేదా చిన్నపాటి కరెంటు షాకు ఇచ్చారు. ఇదంతా రోజూ కాదు, వారంలో కొద్ది నిమిషాలే. అయినా దెబ్బలు తిన్న ఆడపందుల్లో చూలు కట్టినవి తగ్గాయి. మగపందుల్లో వృషణాలు చిన్నవిగా ఉన్నాయి, దాటడం ఆలస్యమైంది. మనిషి ఎదుట లేనప్పుడు కూడా వాటి రక్తంలో కార్టిసాల్ ఎక్కువగానే ఉంది.

వేడి దెబ్బ ఇంకో రకం. పందికి చెమట పట్టడం చాలా తక్కువ కాబట్టి వేడిని వదిలించుకోలేదు. ఎండల్లో పాలిచ్చే తల్లి మేత తగ్గించి చిక్కిపోతుంది. పిల్లలను వేరుచేశాక మామూలుగా వారంలోపు రావాల్సిన ఎద వెనకబడుతుంది. మగపందిలో వీర్యకణాలు తయారై బయటికి రావడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. అందుకే మే నెల ఎండ నష్టం జూన్, జూలైల్లో బయటపడుతుంది. అప్పటికి వానలు పడి చల్లబడటంతో నింద ఆడపంది మీద పడుతుంది.

దాటించిన తర్వాత మొదటి నెల అన్నిటికంటే సున్నితమైనది. 12వ రోజు దరిదాపుల్లో పిండాలు ఈస్ట్రోజెన్‌ను విడుదల చేసి, తాము ఉన్నామని తల్లి ఒంటికి తెలియజేస్తాయి. ఆపైన గర్భసంచి గోడను పట్టుకుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లో కొత్త పందులతో కలిపితే, పెద్దరికం కోసం కుమ్ముకుంటాయి. పిండాలు చనిపోయే ప్రమాదం పెరుగుతుంది.

కాబట్టి కలపాల్సిన పందులను దాటించకముందే కలపాలి. ఆ తర్వాత నెలపాటు కదపకూడదు. వేసవిలో నీడ, నీటి తుంపర, చల్లని తాగునీరు కల్పించాలి. పనివాళ్లకు కర్ర మానిపించి నిమరడం నేర్పాలి. ఇవన్నీ చేసినా ఎద తిరగబెడితే, అప్పుడు పశువైద్యుడికి చూపించి ఆడపందితోపాటు మగపందినీ పరీక్ష చేయించాలి.