సైకాలజీ పట్టా ఒక్కటే చాలదు

పళ్ళికొండ, గుడియాత్తం వైపు మన ఇళ్ళలో సైకాలజీ చదువుతామనే పిల్లలుంటే ఒక్క మాట. ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. సైకాలజీ పట్టాతోనే క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన అర్హత ఉండాలి. ఇన్నాళ్ళూ అందుకు ప్రధాన దారి రెండేళ్ళ ఎం.ఫిల్. రోగితో మాట్లాడి వివరాలు రాబట్టడం, పరీక్షలు పెట్టడం, చికిత్స చేయడం అన్నీ అందులో పెద్దల పర్యవేక్షణలో ఆసుపత్రిలోనే నేర్చుకోవాలి. ఇప్పుడు కోర్సులు మారుతున్నాయి. కాబట్టి ఫీజు కట్టేముందే ఆ కాలేజీకి, ఆ కోర్సుకు కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూసుకుందాం.

వేలూరు బాగాయంలో సి.ఎం.సి. వారి మానసిక ఆరోగ్య కేంద్రం 1957 నుంచి ఉంది. రోగి పక్కన ఇంటివాళ్ళను ఉండనివ్వడం అక్కడి పద్ధతి. చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు తమ బాధ చెప్పుకునేది తెలుగులోనే. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు నేర్చిన మన పిల్లలకు ఆ రెండూ పనికొచ్చే ఉద్యోగం ఇది.