ఆర్కిడ్‌కి ఎంత చలి కావాలి?

బాత్రూంలో కొబ్బరి నూనె సీసా పేరుకుపోయిందంటే చలి ముదిరినట్టే. ఇంట్లో ఆర్కిడ్ ఉన్నవాళ్లకి సరిగ్గా అప్పుడే బెంగ పట్టుకుంటుంది. నర్సరీ అతనేమో “దీనికి చలి పడదండీ, లోపల పెట్టుకోండి” అని చెప్పి పంపించాడు. పక్కింటావిడేమో “చలి తగిలితేనే పూస్తుంది, బయట పెట్టు” అంటుంది. చిత్రమేమిటంటే ఇద్దరూ చెప్పింది నిజమే. ఎంత చలి, ఏ వేళప్పుడు అన్నది మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

మన ఇళ్లకి బహుమతిగా వచ్చే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం ఫెలనోప్సిస్ జాతివి. వెడల్పాటి దళసరి ఆకులు నాలుగైదు, వాటి మధ్యనుంచి వంగిన కాడ, దాని నిండా సీతాకోకల్లా వాలిన పూలు. బ్లూమే అనే వృక్షశాస్త్రవేత్త 1825లో పెట్టిన ఈ పేరుకి గ్రీకులో ‘చిమ్మటలా కనిపించేది’ అని అర్థం. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వంటి చోట్ల అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది. అలాగని బదనిక కాదు. చెట్టు రసం పీల్చదు, నిలబడటానికి ఆసరా మాత్రమే తీసుకుంటుంది. ఆ పల్లపు అడవుల్లో అర్ధరాత్రి కూడా వేడి 20 డిగ్రీల కిందికి దిగడం అరుదు. అందుకే దీని ఒంటికి చలికాలం అంటే ఏమిటో తెలీదు.

పగలు 22 నుంచి 30, రాత్రి 18 పైన ఉంటే ఈ మొక్క హాయిగా ఉంటుంది. 15 కిందికి వెళితే పెరుగుదల బాగా నెమ్మదిస్తుంది. 10 కంటే దిగి కొన్ని గంటలు అలాగే ఉంటే గాయపడుతుంది. మంచు గడ్డకట్టాల్సిన పని లేదు, సున్నాకి ఇంకా చాలా దూరం ఉండగానే దెబ్బ తగులుతుంది. ఎందుకో తెలియాలంటే మళ్లీ ఆ నూనె సీసా దగ్గరికే వెళ్లాలి. కొబ్బరి నూనె పేరుకునే చలిలో ఆవనూనె పేరుకోదు. రెండింటిలోని కొవ్వులు వేరు. మొక్క కణాల చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో చేసిందే. చలిదేశాల మొక్కలు చలికి గట్టిపడని కొవ్వులు ఎక్కువ పెట్టుకుంటాయి. ఉష్ణమండల మొక్కకి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. చలి తగలగానే దాని పొర బిగుసుకుని, లోపలి నీళ్లూ లవణాలూ బయటికి కారతాయి. కణం కూలిపోతుంది.

ఇందులో అసలు తిరకాసు ఆలస్యం. దెబ్బ ఈ రాత్రి తగిలితే మచ్చ కొన్ని వారాలు గడిచాక కనబడవచ్చు. ఆకు పైభాగాన, ముఖ్యంగా లేత ఆకుల మీద, చిన్న చిన్న గుంటలు పడి తర్వాత గోధుమరంగుకో నలుపుకో తిరుగుతాయి. అప్పటికి చలి పోయి ఎండ వచ్చేసి ఉంటుంది. దాంతో తెగులు అనుకుని మందు కొడతాం. ఏ మందూ ఆ మచ్చని చెరపలేదు. మచ్చ పెరగకుండా ఉంటే ఆకుని అలాగే వదిలేయడం మంచిది, అది ఇంకా మొక్కకి తిండి వండిపెడుతూనే ఉంటుంది.

ఇక పూల సంగతి. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. అంతకుముందు చాలామంది నమ్మకం, రాత్రి చల్లబడితే పూల కాడ వస్తుందని. వాళ్లు కొన్ని మొక్కల్ని పగలు 29 డిగ్రీల్లో, రాత్రి 17లో పెట్టారు. ఇరవై వారాలైనా ఒక్కటీ కాడ వేయలేదు. పగలు 20, 23 డిగ్రీల్లో ఉంచినవి మాత్రం, రాత్రి వేడి ఎలా ఉన్నా, ఎక్కువ భాగం కాడ వేశాయి. అంటే పూతకి ఆజ్ఞ ఇచ్చేది పగటి చల్లదనం. వ్యాపారానికి పెంచేవాళ్లు చేసేదీ ఇదే. మొక్క ఎదిగేదాకా 28 పైన ఉంచి పూత రాకుండా ఆపుతారు, అమ్మకానికి కొన్ని నెలల ముందు చల్లబరుస్తారు. తైవాన్ రైతులైతే వేసవిలో కుండీల్ని కొండల మీదికి తరలించేవారు.

ఇప్పుడు మన ఊళ్లకి వద్దాం. హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలల్లో పగలు గదిలో ఇరవై మూడు, ఇరవై నాలుగు దగ్గర ఉంటుంది. ఫెలనోప్సిస్‌కి అంతకన్నా ఏం కావాలి? పగలు కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, బాల్కనీలో ఉంటే రాత్రికి లోపలికి తెస్తే చాలు. విజయవాడ, రాజమండ్రి వైపు రాత్రి చలితో భయం లేదు, పగటి వేడి దిగకపోవడమే చిక్కు. ఆదిలాబాదులో, లంబసింగి కొండల్లో ఇది తిరగబడుతుంది, అక్కడ రాత్రి బయట వదిలితే పొద్దున్నే పశ్చాత్తాపపడాలి. మార్చి దాటాక మన ఇళ్లలో కొత్త కాడ రాకపోవడం మీ తప్పు కాదు. అదే మొక్క ఆఫీసులో, పగలంతా 23కి పెట్టిన ఏసీలో, మంచి వెలుతురు కూడా ఉంటే నడివేసవిలోనూ కాడ వేయగలదు. ఏసీ గాలి నేరుగా మొగ్గల మీదికి కొట్టకూడదు, అంతే. కొడితే విచ్చకుండానే రాలిపోతాయి. పక్కన పండుతున్న అరటిగెల ఉన్నా రాలతాయి, అది చలి మీద రుద్దాల్సిన నేరం కాదు.

చికాగోలోనో డెట్రాయిట్‌లోనో ఉన్న మనవాళ్లకి ప్రమాదం ఇంట్లో కన్నా, కొట్టు నుంచి కారు దాకా నడిచే ఆ రెండు నిమిషాల్లోనే ఎక్కువ. జనవరిలో కొంటే కాగితంలో చుట్టించుకుని, ముందే వేడెక్కిన కారులో పెట్టుకోవాలి. ఇంట్లో రాత్రి ఆకు కిటికీ అద్దానికి ఆనకూడదు. అక్కడ వారానికి మూడు ఐసు ముక్కలు వేయమని కుండీ మీదే రాసి అమ్ముతుంటారు, చదివితే ఒళ్లు మండుతుంది. కానీ ఒహాయో స్టేట్, జార్జియా యూనివర్సిటీల వాళ్లు 2017లో పరీక్షించి, బెరడు ముక్కల్లో పెరిగే మొక్కకి దానివల్ల హాని లేదని తేల్చారు. ఐసు కరిగినా వేర్ల దగ్గర చల్లదనం ప్రమాదపు హద్దు దాటలేదట. అయినా నేను కుళాయి నీళ్లే కాసేపు గదిలో ఉంచి పోస్తాను. చన్నీళ్లు ఆకు మీద పడితే మచ్చ పడవచ్చు.

చలికాలం నీళ్లు తగ్గించండి, చల్లటి తడిలో వేర్లు తాగలేక కుళ్లుతాయి. డిసెంబరులో ఆకు మొదట్లో పచ్చటి మొలక కనబడితే కొనని చూడండి. నున్నగా గుండ్రంగా ఉంటే వేరు. బొటనవేలు విడిగా ఉన్న పిల్లల చేతి తొడుగులా ఉంటే కాడ. కాడే అయితే కుండీని తిప్పకుండా వెలుతురు వైపే ఉంచండి, శివరాత్రికీ ఉగాదికీ మధ్య పూలు విచ్చుకుంటాయి.